మా వీధి శిలాశాసనాలు

తెలుగులో దొరికిన తొలి శాసనం కడప జిల్లా కలమళ్లలోనిదని, అది క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతారు. దాన్ని చదవాలంటే లిపి తెలిసిన పండితుడు కావాలి. హైదరాబాదులో నల్లకుంట, విద్యానగర్ వైపు వీధుల్లోని శాసనాలకు ఆ బెడద లేదు. వాటి మీద అక్షరమే ఉండదు. ఇంటి ముందు రోడ్డు మీద ఒక రాయి ఉంటుంది, అంతే. ఆటో డ్రైవరు మొదలు పెద్ద అధికారి వరకు అందరూ దాని భావం గ్రహించి బండిని పక్క వీధికి తిప్పుకుంటారు. అదే చోట స్తంభం పాతి 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అని బోర్డు పెట్టి చూడండి. దాని కిందే నాలుగు బండ్లు నిలుస్తాయి, అందులో ఒకటి స్తంభానికే ఆనుకొని. మనవాళ్లకు చట్టమంటే గౌరవం లేదని వాపోయేవారు ఒకసారి మా వీధికి రావాలని మనవి.

రాళ్లలోనూ అంతస్తులున్నాయి. వట్టి బండరాయి అద్దెకున్నవాళ్లది. ఇల్లు మారినప్పుడు వదిలేసి పోతారు. సున్నం పూసిన రాయి సొంతదారుది. ఆ పై మెట్టు రంగు డబ్బా. ఇంటికి రంగులు వేయించగా మిగిలిన పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో సిమెంటూ కంకరా నింపి, నడుమ ఇనుప చువ్వ నిలబెట్టి, ఆరాక ఆ చువ్వకు గొలుసు తగిలించి గేటుకు తాళం వేస్తారు. మా ఎదురింటివారి బకెట్టు మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ సగం మిగిలే ఉంది. తండ్రి తల ఊడిపోయింది, పిల్లలిద్దరూ మాత్రం వచ్చే పోయే కార్లను కనిపెట్టుకుని ఉన్నారు. వీటన్నిటికీ పైన తులసి కుండీ. రాయిని పక్కకు జరిపే ధైర్యవంతుడు కూడా తులసమ్మ జోలికి పోడు. పుణ్యమూ పార్కింగూ ఒకే కుండీలో దక్కే ఏర్పాటును కనిపెట్టిన ఇల్లాలికి ఏదో ఒక పురస్కారం ఇవ్వవలసిందే.

లేఅవుటు కాగితం ప్రకారం మా వీధి వెడల్పు 30 అడుగులు. కాగితాన్ని నేను శంకించను. తేడా వచ్చేది ర్యాంపుల దగ్గర. పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. వీధి ఎత్తు పెరిగి వాననీళ్లు వరండాలోకి వస్తాయి. ఇంటాయన విసిగి ఇల్లు పడగొట్టించి, ఇంకా ఎత్తున స్టిల్టు లేపి దాని మీద ఐదంతస్తులు కట్టిస్తాడు. అంత ఎత్తు నుంచి కారు దిగాలి కనుక ర్యాంపు రోడ్డు మీదికి నాలుగడుగులు పాకుతుంది. అది చూసి ఎదురింటాయన ఊరుకుంటాడా? ఆయన ర్యాంపు ఐదడుగులు. స్టిల్టు పార్కింగుకే వాడాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు ఘంటాపథంగా చెబుతున్నాయి. అందులో వాచ్‌మన్ కుటుంబం, జనరేటరు, ఒక కర్రీ పాయింటు సర్దుకున్నాక కారుకు చోటు మిగలదు. కాబట్టి కారు ర్యాంపు ముందు నిలుస్తుంది. కారు లేనప్పుడు దాని తరఫున రాయి నిలుస్తుంది. చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో వీధి మొదట్లోనే ఆగి పాట వినిపిస్తుంది, మనమే బుట్టలతో పరుగెత్తాలి. ఆరోగ్యానికి మంచిదే.

మోటారు వాహనాల చట్టం, 1988లో 127వ సెక్షను ఒకటి ఉంది. బహిరంగ స్థలంలో పది గంటలో అంతకు మించో దిక్కులేకుండా పడి ఉన్న బండిని పోలీసులు తరలించవచ్చు. మా వీధి మలుపులో ఒక తెల్లకారు ఉంది, నంబరు ఏపీ 09తో మొదలవుతుంది. 2014లో రాష్ట్రం ఏర్పడి నంబర్లు టీఎస్ అయ్యాయి, 2024లో టీజీ అయ్యాయి. కారు మాత్రం అంగుళం కదలలేదు. ఎండాకాలం దాని బానెట్ మీద వడియాలు పెడతారు, మిగతా కాలాల్లో పిల్లి పిల్లల్ని పెడుతుంది. దాని పది గంటలు ఇంకా పూర్తి కానట్టుంది.

ఆ మధ్య ఒక గేటు ముందు స్కూటరు ఆపబోతే లోపలి నుంచి ఒక పెద్దాయన పేపరు మడుస్తూ వచ్చారు.

"అక్కడ పెట్టకు బాబూ, మా అబ్బాయి కారు వస్తుంది."

"అలాగేనండీ. ఎక్కడి నుంచి వస్తున్నారు?"

"డాలస్."

"ఎప్పుడొస్తారండీ?"

"వీసా స్టాంపింగు తేలితే సంక్రాంతికి."

"మరి కారు..."

"వచ్చాక అద్దెకు తీసుకుంటాడులే."

నేను స్కూటరు తీసేశాను. అప్పటికి వినాయక చవితి కూడా రాలేదు.

భూముల లెక్కలకు 2020లో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. గేటు ముందు రాళ్లకు ఆ రెండింటిలోనూ చోటు దక్కకపోవడం విచారకరం. రాయికొక నంబరు, పాసు పుస్తకం ఇవ్వాలి. రేపు అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే రాయి పెద్దవాడికా చిన్నవాడికా అన్నది ముందే తేలిపోవాలి. వీలైతే దాని మీద బ్యాంకు అప్పు కూడా ఇవ్వాలి.

ప్రభుత్వం ఆలోచించేలోగా మార్కెట్టు ముందుకు పోయింది. మొన్న ఒక పాత ఇంటి గోడకు టులెట్ బోర్డు కనిపించింది: రెండు పడకగదులు, మంజీరా నీళ్లు, కారు పార్కింగు కలదు. ఆవరణలో సైకిలుకే చోటు లేదు కదా, పార్కింగు ఎక్కడని అడిగాను. వాచ్‌మన్ నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లి రాయి చూపించాడు. దానికి నెలకు వెయ్యి వేరుగా ఇవ్వాలట. మెయింటెనెన్సు అందులోనే కలిసి ఉంటుందా అని అడిగితే, లేదు సార్, సున్నం మీరే వేయించుకోవాలి అన్నాడు.