కళ్ళజోడు పెట్టుకుని విమానమా, ససేమిరా!

మా మేనల్లుడు పైలట్ అవుతాడట. అవ్వనివ్వండి, నాకేం బాధ లేదు. ఎంపీసీ చదివిన కుర్రాడు ఇంజినీరింగ్‌లో చేరనంటే మనవైపు ఇళ్ళల్లో జరగాల్సిన శోకాలన్నీ మా చెల్లెలి ఇంట్లో ఇప్పటికే జరిగిపోయాయి, బ్యాంకు లోను సంగతి బావగారు చూసుకుంటున్నారు, మా అమ్మయితే మనస్ఫూర్తిగా ఒప్పుకుంది, ఆవిడ లెక్కలో విమానం నడిపేవాడు కూడా బస్సు డ్రైవరులాగా గవర్నమెంటు ఉద్యోగే. నా గొడవ వేరు. వాడికి సైటుంది. రెండు కళ్ళకీ మైనస్ 1.75, ఆరో క్లాసు నుంచీ కళ్ళజోడు. అలాంటివాడు మొన్న హైదరాబాద్ వెళ్ళి, పైలట్ కావాలంటే ముందు చేయించుకోవాల్సిన వైద్యపరీక్ష, క్లాస్ 2 మెడికల్ అంటారు, అది పాసై వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని పరీక్షకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకునే అక్షరాలు చదివి, అదే కళ్ళజోడుతో నవ్వుతూ ఫోటో పంపాడు.

ఇది ఎంత ఘోరమో మీకు అర్థమవుతోందా?

మా కాలంలో ఒక పద్ధతుండేది. పైలట్ అంటే గద్ద చూపు. కళ్ళజోడుందా, ఆశ వదులుకో. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడ రాసుందో తెలియదు, కానీ రూలంటే అదీ. మా కాలనీలో ఇప్పటికి నలుగురు పిల్లలకి నేనే స్వయంగా చెప్పాను, "నీకు సోడాబుడ్డి అద్దాలున్నాయి కదరా, విమానం నీకెందుకు, బీకాం చదువు" అని. అందులో ఒకడు ఇప్పుడు బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చుంటాడు. నేను వెళ్తే నమస్కారం పెడతాడు గానీ నా పాసుబుక్కు మాత్రం అందరికంటే ఆఖర్న ప్రింట్ చేస్తాడు. ఎందుకో ఏమిటో.

సరే, అసలు రూల్సులో ఏముందో చూద్దామని మేనల్లుణ్ణే అడిగాను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అని ఒకటుందట, ఐకావో అంటారు, మాంట్రియల్‌లో ఆఫీసు. వాళ్ళ లెక్క ప్రకారం జీతానికి విమానం నడపాలంటే కావాల్సిన క్లాస్ 1కి ఒక్కో కంటికీ విడివిడిగా 6/9, రెండూ కలిపి 6/6 ఉండాలి. క్లాస్ 2కి ఒక్కో కంటికీ 6/12, రెండూ కలిపి 6/9 ఉన్నా చాలు. ఇందులో అద్దాలు లేకుండా ఎంత కనిపిస్తుందన్నదానికి పరిమితే లేదు, అద్దాలు పెట్టుకున్నాక ఎంత కనిపిస్తుందన్నదే లెక్కట! పైగా అద్దాలు వాడేవాడు ఇంకో జోడు కూడా దగ్గర పెట్టుకోవాలని రాశారు. ఒక జోడుకే నేను ఏడుస్తుంటే రెండో జోడు!

6/9 అంటే నేను నూటికి నూటయాభై మార్కులనుకున్నాను. కాదట. 1862లో స్నెలెన్ అనే డచ్చి డాక్టరు ఆ అక్షరాల బోర్డు తయారుచేశాడు, మామూలు కన్ను తొమ్మిది మీటర్ల దూరం నుంచి చదివేదాన్ని మీరు ఆరు మీటర్లకి దగ్గరికొస్తే గానీ చదవలేకపోతే మీది 6/9. కింది నంబరు పెరిగేకొద్దీ మీ పని అయిపోతున్నట్టు. ఇది తెలిశాక నా పాత రిపోర్టు వెతికి చూశాను, ఎడమ కంటికి 6/24 అనుంది. నాలుగేళ్ళుగా అది గొప్ప విషయమని చుట్టాలందరికీ చెప్పుకుంటున్నాను.

దగ్గరి చూపుకి వేరే పరీక్ష. అరచేతిలో పట్టుకున్నంత దూరంలో సన్న అక్షరాలు, ఎన్5 అంటారు, మీటరు దూరంలో కాస్త పెద్దవి, ఎన్14. నలభై దాటినవాడికి ఇక్కడ తిప్పలు, చత్వారమన్న మాటలోనే నలభై ఉంది కదా. అప్పుడు కూడా ఇంటికి పంపించరట, అద్దాలే ఇస్తారట, కాకపోతే పేపరు చదివే నిండు అద్దాలు పనికిరావు, వాటిలోంచి దూరం మసకగా కనిపిస్తుంది కాబట్టి సగం అద్దాలో బైఫోకల్సో వాడాలి. ఈ చాదస్తం చూడండి. నేను పేపరు చదివే జోడుతోనే బందరు రోడ్డంతా కారు నడుపుతాను. దూరంగా ఉన్నవి మసకగా ఉంటే మనసుకి ప్రశాంతంగా ఉంటుంది.

డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ప్రభుత్వం ఎంత హుందాగా ప్రవర్తిస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. ఫారం 1 అని ఒక కాగితం ఇస్తారు. మీ కళ్ళు ఎలా ఉన్నాయో మిమ్మల్నే అడుగుతారు! మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా? ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? టిక్కులు పెట్టి సంతకం చేస్తే అయిపోయె. మనిషిని మనిషి నమ్మడమంటే ఇదీ. ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, అయినా వెనక్కి తగ్గకుండా కనిపించిన గళ్ళన్నిటిలో టిక్కులు పెట్టేశాను. ఒక గడి రేచీకటి గురించని తర్వాత తెలిసింది. అదీ తప్పు కాదు, మా వీధిలో లైట్లు వెలగవు, రాత్రయితే ఎవరికీ ఏమీ కనపడదు, నా ఒక్కడికే రేచీకటి అని ఎలా చెప్పగలను?

వయసొచ్చాక రెన్యువల్‌కి మాత్రం డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు, ఫారం 1ఏ. ఏజెంటుకి డబ్బులిస్తే సాయంత్రానికి తెచ్చిచ్చాడు. నా రెండు కళ్ళూ దివ్యంగా ఉన్నాయని కింద ఒక డాక్టరుగారి సంతకం. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు, నేనాయన్ని చూడలేదు. మనిషిని చూడకుండానే చూపు బాగుందని చెప్పాడంటే దూరదృష్టి ఎవరిదో మీరే ఆలోచించండి.

ఇక పైలట్ల సంగతి. ఏటా మళ్ళీ పరీక్ష. కంట్లో చుక్కలు వేసి లోపలంతా టార్చి కొట్టి చూస్తారు, కంటి ఒత్తిడి కొలుస్తారు, పక్క చూపు ఎంతవరకుందో చూస్తారు, మెల్ల ఉందేమో చూస్తారు. కాంటాక్టు లెన్సు పెట్టుకుంటే దానికి రంగుండకూడదు. ఇన్ని చేసి, చివరికి కళ్ళజోడుతో పైకి పంపిస్తారు! పైన ఏముంటుంది చెప్పండి, మబ్బులు. గేదెలుండవు. రాంగ్ రూటులో ఎదురొచ్చే ట్రాక్టరుండదు. ఆకాశానికి 6/6 అడుగుతారు, రామవరప్పాడు రింగుకి మాత్రం నా మాట చాలు. దీన్నిబట్టి ప్రభుత్వానికి నా మీద ఉన్న నమ్మకం ఎంతో తెలుస్తుంది.

మేనల్లుడు ఊరుకోడు కదా, వైలీ పోస్ట్ కథ చెప్పాడు. అమెరికావాడు, 1926లో చమురు బావి దగ్గర ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది, 1933లో అదే ఒంటికంటితో ఒంటరిగా ప్రపంచం చుట్టొచ్చాడట, ఏడు రోజుల 18 గంటల 49 నిమిషాల్లో. అలా చుట్టిన మొదటివాడు అతనే. నేను నమ్మలేదు. ఒంటి కన్నుతో అంత పనెలా అవుతుందిరా అన్నాను. "మరి పటౌడీ?" అన్నాడు. పటౌడీ సంగతి వేరు, 1961లో కారు ప్రమాదంలో కుడి కంటి చూపు పోయాక కూడా మరుసటేడు ఇరవై ఒక్కేళ్ళకే ఇండియాకి కెప్టెనయ్యాడు, ఆయన ఎక్కడ, వీళ్ళెక్కడ. క్రికెట్ గురించి మాట్లాడేటప్పుడు విమానాలు తేకూడదు.

అసలు సంగతికొస్తాను. క్లాస్ 1 పరీక్షకి వాడు బెంగుళూరు వెళ్తున్నాడు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి. వెళ్ళేముందు మా ఇంటికి భోజనానికొచ్చాడు. తిన్నాక సంచీలోంచి ఒక చుక్కల పుస్తకం తీశాడు, ఇషిహారా పుస్తకమట, 1917 నాటి జపాన్ డాక్టరు పేరు. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగుంటుంది, చదవాలి. "మామయ్యా, సరదాగా ఒకసారి చూడవా" అన్నాడు. మొదటి పేజీ తీశాడు. "పన్నెండు" అన్నాను ఠక్కున. అది ఎవరైనా చదవగలిగేటట్టే పెట్టారని తర్వాత చెప్పాడు, ముందే చెప్పుంటే అంత గట్టిగా అరిచేవాణ్ణి కాదు. తర్వాతది. "మూడు." వాడు మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వంగి చూసి "ఎనిమిది కదండీ" అంది. ఇంకోటి. నేను ఇరవై ఒకటి అన్నాను, ఆవిడ డెబ్భై నాలుగంది. ఇద్దరిలో ఒకరు తప్పని తేలిపోయింది కదా, ఆవిడకి నిరుడే శుక్లాల ఆపరేషనయింది, నేనింక పొడిగించలేదు.

వాడు పుస్తకం మూసి, మెల్లగా చెప్పుకొచ్చాడు. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయి కనిపించడం తల్లి వైపు నుంచి వస్తుందట. మేనమామకి ఉంటే, చెల్లెలికి తేడా ఏమీ తెలియకపోయినా ఆవిడ కొడుకులకి రావచ్చట. "నువ్వు రైతుబజారుకెళ్తే పచ్చి టమాటాలే తెస్తావని అమ్మ ఎప్పుడూ చెబుతుంది మామయ్యా. అది గుర్తొచ్చి క్లాస్ 2 అయ్యేదాకా నాకు నిద్రపట్టలేదు" అన్నాడు. వాడు మాత్రం అన్ని పేజీలూ సరిగ్గా చదివాడట. చదివొచ్చి దుర్గమ్మ కొండెక్కి కొబ్బరికాయ కొట్టాడట.

మేనమామ పోలిక వస్తే మన ఇళ్ళల్లో మురిసిపోతారు. వీడు రానందుకు మొక్కు తీర్చుకున్నాడు! వీడు మెడలో పేగు వేసుకుని పుట్టాడు, మేనమామకి గండమన్నారు, గిన్నెడు నూనెలో వీడి నీడ చూశాకే నాకు వీడి మొహం చూపించారు. ఇప్పుడు గండం మామ వల్ల అల్లుడికట.

"2020లో రూలు మార్చారు మామయ్యా, రంగుల తేడా కొద్దిగా ఉన్నవాళ్ళకి కూడా డ్రైవింగ్ లైసెన్సు ఇస్తున్నారు, ఒకసారి నిజం డాక్టరుకి చూపించుకో" అన్నాడు. నిజం డాక్టరేమిటి? నా దగ్గరున్న సర్టిఫికెట్టు మీద స్టాంపు కూడా ఉంది. అయినా సిగ్నల్ దగ్గర రంగుతో పనేముంది, పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే పోవాలి. ముప్పై ఏళ్ళుగా ఇలాగే నడుపుతున్నాను. ఆ ముక్కే అంటే, రన్‌వే పక్కన నాలుగు లైట్లుంటాయని మొదలుపెట్టాడు. దిగేటప్పుడు రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన ఎత్తులో ఉన్నట్టు, నాలుగూ తెల్లగా ఉంటే మరీ పైన, నాలుగూ ఎర్రగా ఉంటే మరీ కింద. నాలుగూ ఒకే వరసలో ఉంటాయట, పైనా కిందా అనేది లేదు. ఇది శుద్ధ తెలివితక్కువ ఏర్పాటు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఏది వెలిగితే ఏం చేయాలో చెప్పేస్తే ఈ చుక్కల పుస్తకాలూ ఉండవు, పిల్లలకి టెన్షనూ ఉండదు. విమానయాన శాఖకి ఉత్తరం రాస్తున్నాను.

రాత్రి బండికి నేనే స్టేషన్లో దింపుతానన్నాను. ఆటోలో వెళ్తానని వాడు, వద్దని నేను. చివరికి ముందు సీట్లో కూర్చుని దారంతా "మామయ్యా, రెడ్", "మామయ్యా, గ్రీన్", "మామయ్యా, మనిషి" అంటూనే ఉన్నాడు. బెంజి సర్కిల్ దగ్గర తెలుసులేరా అని కసిరాను. ముందున్న లారీ ఆగింది కాబట్టి నిజంగానే తెలుసు. స్టేషన్ దగ్గర "పార్కింగ్ నేను చేస్తా, నువ్వు దిగు" అని తాళం తీసుకున్నాడు. కాళ్ళకి దండం పెట్టాడు, బండెక్కాడు, వెళ్ళిపోయాడు.

బండి కృష్ణ దాటాక ఫోను. కారు తాళం వాడి జేబులోనే ఉండిపోయిందట! "సారీ మామయ్యా, నీకు ఆటో బుక్ చేశాను, బయట నిలబడి ఉంది, నంబరు మెసేజ్ పెట్టాను." ఇంత మతిమరుపు మనిషికి రేపు విమానం తాళాలిస్తారు, అదీ దేశం పరిస్థితి.

బయటికొచ్చి చూస్తే ముప్పై ఆటోలున్నాయి. ఒక్కడూ నంబరు ప్లేటు కనిపించేలా రాయించి చావలేదు.