దండలు కందుకూరికి, తాళాలు బడి పిల్లలకా?

ఏప్రిల్ 16 వస్తే చాలు, కందుకూరి వీరేశలింగం విగ్రహానికి దండ, ఆడిటోరియంలో సభ, నాలుగు శాలువాలు, నాటకాన్ని బతికించుకోవాలని స్పీచ్‌లు. తెల్లారితే ఎవరికీ పట్టదు. తెలుగు నాటకరంగ దినోత్సవం అంటే ఇంతేనా?

అసలు కందుకూరి ఎవరు? బడిపంతులు. 1880లో రాజమండ్రిలో వ్యవహార ధర్మబోధిని ఆడించింది తన స్టూడెంట్స్‌తోనే, అదీ కోర్టుల్లో ప్లీడర్లు చేసే అన్యాయాల మీద. అంటే మన ఆధునిక నాటకం పుట్టిందే క్లాసు పిల్లల మధ్య. ఆయన పేరు చెప్పుకుని సన్మానాలు చేసేవాళ్లే నాటకాన్ని బడి గేటు దాకా కూడా రానివ్వట్లేదు, దీన్ని ద్వంద్వనీతి అనక ఏమంటారు?

పిల్లలకి నచ్చదట, అర్థం కాదట. ఎవరు చూపించి చూశారు? 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో కీచకవధతో మొదలైన కుటుంబాలు ఇంకా నాటకాలు ఆడుతూనే ఉన్నాయి. వాళ్ల మాయాబజార్లో నారదుడు పైనుంచి దిగుతుంటే ఏ పిల్లాడు ఫోన్ చూస్తాడు? అది గ్రాఫిక్స్ కాదు, తెర వెనక తాళ్లు పట్టుకుని లాగేది మనుషులే, ఆట అయ్యాక ఆ కప్పీలు, తాళ్లు చూపించి ఎలా చేశారో చెప్తే సైన్స్ మాస్టారికి ఒక క్లాసు కలిసొస్తుంది. పద్యాల సంగతీ అంతే. మార్కుల కోసం ప్రతిపదార్థం బట్టీ పట్టే పిల్లాడు తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాన్ని హార్మోనియం శ్రుతిలో, రాగం సాగదీసి పాడగా ఒక్కసారి వింటే సగం అర్థం అక్కడే తెలిసిపోతుంది. ఆ సురభి నాటకాలు నడిపిన బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు, మాకూ సంతోషమే, కానీ పద్మశ్రీకి పనికొచ్చిన కళ ఎనిమిదో క్లాసు పిల్లలకి పనికిరాకుండా ఎలా పోయింది?

సిలబస్ అవ్వాలి, పరీక్షలున్నాయి, తల్లిదండ్రులు ఒప్పుకోరు అంటారు హెడ్మాస్టర్లు. వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ స్థానిక కళాకారుల్ని బళ్లలోకి తీసుకుని వాళ్లతో నేర్పించమని జాతీయ విద్యావిధానం 2020లోనే చెప్పింది. ఆ పాలసీ గురించి సెమినార్లు పెట్టేది వీళ్లే, అందులో ఈ పేజీ మాత్రం తిప్పనిదీ వీళ్లే. ఇక ప్రైవేటు స్కూళ్లయితే యాన్యువల్ డేకి డీజేకి, లైట్లకి, సినిమా పాటల డ్రెస్సులకి లక్షలు పోస్తాయి, నాటకం వాళ్లని పిలిస్తే మాత్రం ఫ్రీగా ఆడండి, మీకు పబ్లిసిటీ వస్తుంది కదా అంటాయి. లారీ కిరాయి, మేకప్, సెట్టు, హార్మోనియం ఆయన, తబలా ఆయన, ఇంతమంది పబ్లిసిటీ తిని బతకాలా?

మేం అడిగేది పెద్దదేం కాదు. సిటీలో ఏసీ హాల్లో తెలిసిన మొహాల ముందే మళ్లీ మళ్లీ ఆడించడం తగ్గించి అదే ట్రూప్‌ని మండలానికి పంపండి, పగలు బళ్లో పిల్లలకి, రాత్రి అదే గ్రౌండ్‌లో ఊరి జనానికి. ఈ అకడమిక్ క్యాలెండర్లోనే తేదీ వెయ్యండి, పక్కనే కళాకారులకి ఎంత ఇస్తారో కూడా రాయండి. అదీ చేతకాకపోతే, కనీసం మీ సన్మాన సభల్లో కుర్చీలు నింపడానికి పిల్లల్ని బస్సుల్లో తోలుకెళ్లడమైనా మానండి.