తలుపులు మూసుకున్న పెళ్లి

తెర మీద పెళ్లిలో గొడవ అంటే ఎగిరే కుర్చీలు, విరిగే బల్లలే గుర్తొస్తాయి. ఫైట్ మాస్టర్‌కు చేతినిండా పని. చూసేవాడికి మాత్రం టెన్షన్ ఉండదు. భయం మొదటి దెబ్బకు ముందే పుట్టాలి మరి.

రాజవంశాల పోరు మీద నడిచే టీవీ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మూడో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ 2013 జూన్ 2న ప్రసారమైంది. అందులో పెళ్లి విందులోనే అతిథులను ఊచకోత కోసే 'రెడ్ వెడ్డింగ్' ఘట్టం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నామంటే కారణం పారిన రక్తం కాదు. ఫ్రే ఇంటి పిల్లను చేసుకుంటానని మాటిచ్చి తప్పిన ఉత్తరాది రాజు రాబ్ స్టార్క్, తన బదులు మేనమామను పెళ్లికొడుకుగా నిలబెట్టి రాజీకి వస్తాడు. పెళ్లికూతురి తండ్రి వాల్డర్ ఫ్రే రొట్టె, ఉప్పు పెడతాడు. ఆ లోకపు ధర్మం ప్రకారం ఇక అతిథి ప్రాణానికి పూచీ అతనిదే. చూసేవాళ్లూ అక్కడే కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

కొత్త జంటను గదికి సాగనంపాక హాలు తలుపులు మూసుకుంటాయి. పైనున్న వాద్యగాళ్లు పాట మారుస్తారు. అది శత్రువులైన లానిస్టర్ల పాట. రాబ్ తల్లి కేట్లిన్ మొహం మారుతుంది. పక్కన కూర్చున్న రాబ్ సొంత సామంతుడు రూస్ బోల్టన్ చొక్కా చెయ్యి పైకి లాగి చూస్తే, లోపల ఇనుప కవచం. ఇంతవరకు ఒక్క కత్తీ లేవలేదు, అయినా మన గొంతు ఎండిపోయింది.

స్కాట్లాండ్ చరిత్రలోని 1440 నాటి బ్లాక్ డిన్నర్, 1692 నాటి గ్లెన్‌కో ఊచకోత ఈ ఘట్టానికి మూలమని, సీరియల్‌కు ఆధారమైన నవలల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ చెప్పారు. ఒకచోట విందుకు పిలిచినవాళ్లే ద్రోహం చేశారు. రెండోచోట, ఆతిథ్యం పొందిన సైనికులు ఇంటివాళ్లనే చంపారు. గమనిస్తే ఆ రెండూ పెళ్లిళ్లు కావు. పెళ్లిని కలిపింది మార్టినే. కాపలా లేకుండా, తాగి, నవ్వుతూ కూర్చునే చోటు అంతకన్నా ఏముంటుంది?

సీరియల్ తప్పటడుగు వేసిన చోటూ ఉంది. రాబ్ భార్య, గర్భిణి తలీసా కడుపులో కత్తి పోట్లు నాకు అతిగానే అనిపించాయి. నవలలో రాబ్ భార్య ఆ పెళ్లికే రాదు. ఉలిక్కిపడేలా చేయడానికే చేర్చినట్టుంది.

అంతకన్నా లోతుగా దిగేది చివర్లో వస్తుంది. బల్ల కింద దాక్కున్న వాల్డర్ పడుచు పెళ్లాన్ని కేట్లిన్ బయటికి లాగి, గొంతు మీద కత్తి పెడుతుంది. కొడుకును వదిలేయమని బతిమాలుతుంది. ముసలాడు ఆ పిల్ల వంక ఒకసారి చూసి, ఇంకొకతెను చూసుకుంటానంటాడు. అప్పటికి కూతురి పెళ్లి విందు బల్లల మీద ఇంకా అలాగే ఉంది.