రెక్కలు ఊడిన అబ్బాయి

(బెంగళూరు, మారతహళ్లి. మూడో అంతస్తు ఫ్లాటు. రాత్రి 12:30. రాఘవరావు వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నల్ల అట్ట ఇంగ్లీషు నవల. అట్ట మీద చొక్కా లేని కుర్రాడు, వీపున రెక్కలు. ఇందిర గుమ్మంలోకి వచ్చింది.)

ఇందిర: మంచినీళ్లు తాగొస్తానని వెళ్లి గంటయింది. బోరు వేయిస్తున్నారా?

రాఘవరావు: (పుస్తకాన్ని కందిపప్పు డబ్బా వెనక్కి తోసి) ట్యాంకరు వచ్చిందేమోనని చూస్తున్నా.

ఇందిర: ట్యాంకరు పప్పు డబ్బా వెనక్కి రాదు. తీయండి బయటికి.

రాఘవరావు: మన చిన్ని దగ్గర లాక్కున్న పుస్తకమేగా! ఏం చదువుతోందో తండ్రిగా పరిశీలించొద్దూ?

ఇందిర: మీ పరిశీలన ఎంతవరకు వచ్చింది?

రాఘవరావు: 212. గుర్తుకి కరెంటు బిల్లు పెట్టుకున్నా. అన్నట్టు, 260 దగ్గర పేజీ మూల మడిచి ఉంది. అదెవరి పని?

(ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడుతోంది.)

ఇందిర: బట్టలు ఆరేలోపు ఊరికే రెండు పేజీలు తిరగేశాను.

రాఘవరావు: 260 పేజీలు చదివేదాకా ఆరని బట్టలేమిటే? కంబళ్లా?

ఇందిర: సరే, చదివాను. తప్పా? పాపం ఆ అబ్బాయి!

రాఘవరావు: ఏమిటి పాపం? వేల ఏళ్లున్నాయి వాడికి. ఇంకా స్కూల్లో ఆఖరి బెంచీలోనే కూర్చున్నాడు. ఎన్నిసార్లు తప్పాడో!

ఇందిర: తప్పలేదు. వాడు దేవదూత. ఆజ్ఞ మీరాడని స్వర్గం నుంచి తోసేశారు.

రాఘవరావు: అదే, డిబార్ అయ్యాడు. అలాంటివాణ్ణి చూసి కథలో పిల్లకి గుండె దడ! చీకట్లో వెంటపడితే ప్రేమట. మన వీధిలో ఎవడైనా అలా చేస్తే పోలీసులకి ఫోన్ చేయమూ?

ఇందిర: అది మాత్రం నిజమే. చిన్నితో ఆ మాట నేనూ అన్నాను. కానీ కథంతా గాల్లోంచి పుట్టలేదండీ. గుంటూరులో మా మిషనరీ కాలేజీలో చెప్పేవాళ్లు. బైబిల్లో ఆదికాండం ఆరో అధ్యాయంలోనే ఉంది, దేవుని కుమారులు మనుషుల ఆడపిల్లల అందం చూసి పెళ్లాడారని. నెఫీలులనే బలాఢ్యుల ప్రస్తావన కూడా అక్కడే. హనోకు గ్రంథమని యూదుల పాత పుస్తకం ఒకటుంది, అందులో అయితే ఇంకా వివరంగా ఉంది. 200 మంది దూతలు హెర్మోను కొండ మీద దిగి, అందరం కలిసే తప్పు చేద్దామని ఒట్టు పెట్టుకున్నారట.

రాఘవరావు: యూనియన్ అన్నమాట.

ఇందిర: అందులో అజాజేలు అనేవాడు మగవాళ్లకి కత్తులు చేయడం నేర్పాడు, ఆడవాళ్లకి కళ్లు దిద్దుకోవడం నేర్పాడు.

రాఘవరావు: కాటుక నేర్పినందుకా శిక్ష? మరీ అన్యాయం.

ఇందిర: వాళ్లకి పుట్టిన పిల్లలు రాక్షసుల్లా పెరిగి, జనం పండించుకున్నదంతా తినేశారట.

రాఘవరావు: మొన్న దసరాకి మీ తమ్ముడు వచ్చిన పదిహేను రోజులూ...

ఇందిర: మా తమ్ముడి ఊసెత్తారంటే రేపు మీ టిఫిన్ బాక్సులో ఆ నవలే పెడతా.

(రాఘవరావు తెలుగు ఎం.ఏ. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని ఆయనకెప్పుడూ టెన్షనే.)

రాఘవరావు: అయినా ఇదంతా మనకి కొత్తా? పెద్దన మనుచరిత్రలో అయిదు వందల ఏళ్ల కిందటే రాసి పారేశాడు. ప్రవరుడు పాదాలకి లేపనం పూసుకుని హిమాలయాలకి ఎగిరాడు. మంచులో లేపనం కరిగిపోయింది, చిక్కుకుపోయాడు. దేవలోకపు వరూధిని ఎదురైంది. ఇతను కాదన్నాడు. అంతకుముందు ఆవిడ కాదన్న గంధర్వుడొకడు ఇదే అదనుగా ప్రవరుడి వేషంలో వచ్చేశాడు. వాళ్లకి స్వరోచి పుట్టాడు. రెక్కల్లేవు గానీ మిగతా సరుకంతా ఉంది. రెక్కల పని లేపనం చేసింది.

ఇందిర: ఆ ప్రవరుడు ఏం చేశాడు? ఎదురుగా అంతటి అందగత్తె ఉంటే ఇంటికి దారి చెప్పమన్నాడు. అచ్చం మీరే.

రాఘవరావు: నేనా?

ఇందిర: పెళ్లయిన కొత్తలో ఊటీ తీసుకెళ్లి, గ్యాస్ సిలిండర్ వస్తుందని రెండో రోజే బస్సెక్కించారు.

రాఘవరావు: ఆ రోజుల్లో సిలిండర్ ఒకసారి వెనక్కి పోతే మళ్లీ ఎన్నాళ్లకి వచ్చేదో నీకేం తెలుసు! సరే, అదలా ఉంచు. వాడు మళ్లీ రెక్కలు కావాలంటాడా, పిల్లే కావాలంటాడా? నువ్వు ముందున్నావుగా, చెప్పు.

ఇందిర: 260లో ఇంకా తేల్చుకోలేదు. ఇటివ్వండి, చివర చూద్దాం.

(లాక్కుంది. తిప్పింది. ఆగింది.)

ఇందిర: 318 తర్వాత అట్టే ఉందండీ.

రాఘవరావు: ఆ!

ఇందిర: చివరి పేజీలు ఊడిపోయాయి. చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దగ్గర కొన్నదిగా! కొత్తది అడిగితే 150కి వచ్చేది ఉండగా అంత డబ్బెందుకు అన్నదెవరు?

రాఘవరావు: చిన్నికి తెలిసే ఉంటుంది. వెళ్లి అడుగు.

ఇందిర: నేనా? "ఇలాంటి చెత్త ఎవరైనా చదువుతారా" అని లాక్కుంది మీరు. మీరే అడగండి.

రాఘవరావు: తండ్రి పరువు ఏమవుతుందే?

ఇందిర: అర్ధరాత్రి బియ్యం డబ్బా మీద కూర్చున్నప్పుడు లేని పరువు ఇప్పుడెక్కడిది?

(పది నిమిషాల తర్వాత. చిన్ని గది తలుపు కింద నుంచి వెలుతురు. రాఘవరావు చేతిలో పాలగ్లాసు. వెనక ఇందిర.)

రాఘవరావు: చిన్నీ... ఫిజిక్స్ అయిందా అమ్మా? అదే, గురుత్వాకర్షణ చాప్టరు... పైనుంచి పడినవాడు మళ్లీ పైకి పోవడానికి వీలుంటుందా?

ఇందిర: (గుసగుసగా) రెక్కలు తిరిగొస్తే ఆ అమ్మాయి గతేమిటో కూడా అడగండి.