మానవ తప్పిదం సరే, ఏ మనిషిది?

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగిన మర్నాటికల్లా ‘మానవ తప్పిదం’ అన్న మాట బయటికొస్తుంది. వినగానే కళ్ల ముందు కదిలేది వాల్వు కట్టేయడం మరిచిపోయిన ఆపరేటరే. ఆ వాల్వును అందనిచోట పెట్టించిన ఇంజనీరు, రిపేరు వాయిదా వేసిన మేనేజరు మనుషులు కారా?

ఆర్‌.ఆర్‌. వెంకటాపురం సంగతి విశాఖవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఎం6 ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఊరిని కమ్మేసింది. 12 మంది చనిపోయారు. దానిపై ప్రభుత్వం వేసిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ బయటపెట్టిన విషయాలు మళ్లీ చదవండి. స్టైరీన్ పాలిమర్‌గా, అంటే గట్టి ప్లాస్టిక్‌గా, మారడం మొదలైతే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా మారుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ఆ మార్పును అడ్డుకునే టీబీసీ అనే రసాయనం కలపాలి. అక్కడ కూలింగ్ పగలు నడిపి సాయంత్రం ఆపేసేవారు. టీబీసీ చాలినంత లేదు. టెంపరేచర్ చూసేది ట్యాంకు అడుగునే. పైన ఎంత కాగుతోందో డ్యూటీలో ఉన్నవాడికి తెలిసే దారి లేదు. 2019 డిసెంబరులో పైపులు మార్చాక లోపలి సరుకు సరిగ్గా కలవడమూ తగ్గింది. సైరన్ మోగలేదు, దానికి ఆ రాత్రి షిఫ్టు జవాబు చెప్పాల్సిందే. మిగతావన్నీ ఆ రాత్రికి చాలా ముందే జరిగిపోయాయి.

కార్మికులు రూల్స్ పాటించరు, పర్మిట్ లేకుండా పని మొదలెడతారు అనేవాళ్లున్నారు. కొంత నిజమే. కానీ డబుల్ డ్యూటీ చేస్తున్న మనిషి తెల్లవారుజామున 3 గంటలకు పొరపాటు చేస్తాడని ముందే తెలుసు కదా! ఒక్క పొరపాటుకే ఊరంతా పరుగెత్తాల్సి వచ్చేలా ప్లాంటు నడపడమే అసలు తప్పు.

నాకు నిద్రపట్టనివ్వనిది మరొకటుంది. పొద్దున్నే పరవాడ, అచ్యుతాపురం వైపు బస్సెక్కే కాంట్రాక్టు కుర్రాళ్లు. పైపు కారుతుంటే ముందు చూసేది వాళ్లే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా మందుల ఫ్యాక్టరీలో లీకైన సాల్వెంటే (ద్రావకమే) అంటుకుని 17 మందిని పొట్టన పెట్టుకుంది. “సార్, లీకవుతోంది, పని ఆపుదాం” అంటే రేపు గేట్ పాస్ ఉంటుందో లేదో అని టెన్షన్ పడేవాడు నోరెలా విప్పుతాడు? పని ఆపమన్నవాణ్ని తీసేసిన కాంట్రాక్టరు కాంట్రాక్టే రద్దు చేయాలి. విచారణ కమిటీలో కార్మికుడొకడు కూర్చోవాలి. రిపోర్టు తెలుగులో గేటు దగ్గర అంటించాలి. మానవ తప్పిదమని రాసేముందు ఆ మనిషి అంతకుముందు ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో లాగ్ బుక్‌లో వెతకాలి.