పగవాడు పచ్చగా ఉండాలి

మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బు యాజమాన్యానికి, ఒడిశా రాష్ట్రం, గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం. అయ్యా, మీరు దయచేసి మళ్ళీ గెలవడం మొదలుపెట్టండి.

ఇదేదో మీ అభిమానులు పెట్టుకున్న అర్జీ అనుకునేరు. వాళ్ళు ఆశలు వదిలేసుకుని హాయిగా ఉన్నారు. మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండేవాళ్ళ తరఫున రాస్తున్నాను. పేరుకి నేను లివర్‌పూల్ అభిమానిని. లివర్‌పూల్ మ్యాచ్ ఉన్న రాత్రి ఎవరింట్లోనైనా పెళ్ళి ఉంటే వెళ్ళి అక్షింతలు వేసి, భోంచేసి, తాంబూలం కూడా తీసుకుని వస్తాను. యునైటెడ్ ఓడిపోయే సూచనలున్న రాత్రి మాత్రం గడప దాటను. మా ఊళ్లో నాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. అందరం ఇప్పుడు కష్టాల్లో ఉన్నాం.

మా ఊరికి వాదోపవాదాలు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా పర్లాకిమిడి అటు వెళ్ళింది. జమీందారీలో ఒక ముక్క మద్రాసు వైపే ఉండిపోయింది, తెలుగు మా నోట్లో ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే పాఠాలు చెప్పుకుంటూ, గ్రాంథికం మీద వాడుక భాష తరఫున యుద్ధం చేశారు. ఆ వాడుక భాషకి ఎంత సత్తా ఉందో పూర్తిగా తెలియాలంటే ఆదివారం రాత్రి పదింటికి మా బజార్లో ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి రావాలి. షట్టర్ సగం దించి ఉంటుంది, వంగి లోపలికి వెళ్ళాలి. గోడకి టీవీ, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, టెంపర్డ్ గ్లాసుల డబ్బాల మధ్య పేపర్లో పకోడీలు. యునైటెడ్ గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారిందా, ఒకడు శ్రీకాకుళం యాసలో, ఒకడు ఒడియాలో, ఇంకొకడు రెండూ కలిపి ఆయన ఏడు తరాలనీ తలుచుకుంటారు. బోర్డు మీద ఏ లిపి పైన ఉండాలన్న దగ్గర మొహాలు మాడ్చుకునేవాళ్ళు అప్పుడు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుంటారు. సరిహద్దు జిల్లాల సామరస్యానికి ఇంతకంటే చవకైన పథకం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు.

దుకాణం ఆయన లండన్ జట్టు ఆర్సెనల్ మనిషి. ఆయన బావమరిది యునైటెడ్.

"ఏటి బావా, ఈవేళైనా ఆడతారా మీవోళ్ళు?"

"నువ్వు నీ ఆర్సెనల్ సంగతి చూసుకో బావా."

"మాది రేపు హైలైట్స్‌లో చూసుకుంటాన్లే. మీది లైవ్‌లో చూడకపోతే నాకు నిద్దర పట్టదు."

ఈ ఆర్సెనల్ ఆయనకి తన జట్టులో ఎడమ వైపు బ్యాక్ ఎవరో గుర్తు రాక తడుముకోవడం నేను చూశాను. యునైటెడ్ బెంచి మీద కూర్చున్న తొమ్మిది మంది పేర్లూ, ఒక్కొక్కరిని ఎంత పెట్టి కొన్నారో, అందులో ఎంత బూడిదలో పోసిన పన్నీరో గడగడా చెప్తాడు. ఏ అభిమాని చదువుతాడండీ ఇంత శ్రద్ధగా?

ఈ శ్రద్ధ ఊరికే రాలేదు. అలెక్స్ ఫెర్గూసన్ అనే స్కాట్లాండ్ పెద్దమనిషి 1986లో యునైటెడ్ మేనేజర్‌గా వచ్చి 2013 దాకా కూర్చుని, ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగైన ప్రీమియర్ లీగ్ 13 సార్లు గెలిచి, మొత్తం 38 ట్రోఫీలు పోగేసి మా కడుపు మంటకి క్రమం తప్పకుండా నెయ్యి పోశారు. జట్టు వెనకబడి ఉంటే గడియారం వేలితో తట్టి చూపించేవారు. రిఫరీ అదనపు సమయం ఇచ్చేవాడు, వీళ్ళు గోల్ కొట్టేవాళ్ళు. ఆ అదనపు నిమిషాలకి ఇంగ్లండ్ జనం ఫెర్గీ టైమ్ అని పేరే పెట్టారు. మిగతా జట్లు కూడా చివర్లో గోల్స్ కొట్టేవి, కాదనను. వాటికి పేర్లు పెట్టేంత తీరిక మాకు లేదు.

1999 మే 26, బార్సిలోనా. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మనకి అర్ధరాత్రి దాటింది. బయెర్న్ మ్యూనిక్ ఆరో నిమిషంలోనే గోల్ కొట్టి తొంభై నిమిషాల దాకా కాపాడుకుంది. ఆ ఒక్క రాత్రికి మా వీధి మొత్తం జర్మనీ వాళ్ళమే. యునైటెడ్ తరఫున షెరింగమ్ ఒకటి, సోల్‌షేర్ ఒకటి, రెండూ అదనపు సమయంలోనే. బయెర్న్‌కి కప్పు అందిద్దామని యూరప్ ఫుట్‌బాల్ అధ్యక్షుడు లెన్నార్ట్ జోహాన్సన్ లిఫ్టులో కిందికి దిగి మైదానంలోకి వచ్చేసరికి గెలిచినవాళ్ళు ఏడుస్తున్నారు, ఓడినవాళ్ళు గంతులేస్తున్నారు అనుకున్నారట. ఆ సీజన్లో లీగూ, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్పూ, ఇదీ, మూడూ వాళ్ళకే. దాన్ని మించిన పెట్టుబడి మా కోపానికి మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

అంతకు ముందు ఏడాదే ప్రపంచ కప్పులో అర్జెంటీనా మీద బెక్‌హామ్ రెడ్ కార్డ్ తిన్నాడు. ఇంగ్లండ్ ఓడింది. లండన్‌లో ఒక పబ్బు బయట అతని దిష్టిబొమ్మని ఉరేశారు. తమ దేశం జట్టు కుర్రాడే, అయినా యునైటెడ్ కుర్రాడు కదా. దిష్టి వాళ్ళకి తగల్లేదు సరికదా, తర్వాతి ఏడాదే ఆ మూడు కప్పులూ కొట్టారు. దిష్టిబొమ్మలు కట్టడంలో అనుభవం లేనివాళ్ళు కడితే ఇలాగే ఉంటుంది. మా వైపు ఎవరినైనా సలహా అడిగి ఉండాల్సింది.

ఇంకో ముచ్చట. 2006 ప్రపంచ కప్పు తమ దేశంలో జరిపించుకోవాలని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘానికి ఆశ. ఫీఫా బ్రెజిల్‌లో పెట్టిన కొత్త టోర్నీకి యునైటెడ్ వెళ్తే ఆ పెద్దలు సంతోషిస్తారని ఒత్తిడి చేశారు. దాని కోసం 1999-2000 ఎఫ్ఏ కప్పు వదులుకుని వెళ్ళింది క్లబ్బు. వెళ్ళమన్న సంఘాన్ని ఎవరూ ఏమీ అనలేదు, పవిత్రమైన కప్పుని కాలదన్నారని యునైటెడ్‌ని మాత్రం ఈనాటికీ తిడుతున్నారు. ప్రపంచ కప్పేమో జర్మనీకి పోయింది. ఇందులో అన్యాయం ఉందని నాకూ తెలుసు. తెలిసినా తిట్టడంలోనే ఉంది నిబద్ధత.

ఇంగ్లండ్ మైదానాల్లో ఒక పాట ఉంది, యునైటెడ్ అంటే పడనివాళ్ళంతా లేచి నిలబడమని. దాని గొప్పతనం ఏమిటంటే యునైటెడ్‌తో సంబంధం లేని మ్యాచుల్లోనూ పాడేవారు. ఇద్దరు వేరే వాళ్ళు ఆడుకుంటుంటే మధ్యలో వేల మంది లేచి, ఆ ఊళ్లోనే లేని మూడోవాణ్ణి తిట్టుకుని కూర్చుంటారు.

మేం యునైటెడ్ అభిమానుల మీద వేసే పెద్ద నింద, వాళ్ళు మాంచెస్టర్ మొహం కూడా చూడలేదని. ఇంగ్లండ్‌లోనూ ఇదే మాట, వీళ్ళంతా లండన్ చుట్టుపక్కల ఉండి గెలిచేవాళ్ళ పక్కన చేరారని. పర్లాకిమిడిలో కూర్చుని నేనూ అదే అంటాను. లివర్‌పూల్ మాంచెస్టర్‌కి పడమటి పక్కన ఉంది, అంటే మాకు ఇంకో యాభై కిలోమీటర్లు దూరమే. అయినా మాది నిజమైన అనుబంధం.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం పక్కన పెడతాను. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో విమానం కూలి 23 మంది పోయారు, అందులో 8 మంది యునైటెడ్ ఆటగాళ్ళు. దాని మీద పాటలు కట్టి పాడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో మా లివర్‌పూల్ రంగులు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో పోయిన మా 97 మంది అభిమానుల మీద యునైటెడ్ రంగుల్లో పాడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఈ అర్జీలో కలుపుకోవడం లేదు. సంతకాలు తక్కువైనా పరవాలేదు.

ఇక ఆ క్లబ్బుని అందరికంటే ఎక్కువ తిట్టేది ఎవరో చెప్తే మీరు నమ్మరు. దాని సొంత అభిమానులే. 2005లో అమెరికా నుంచి గ్లేజర్ కుటుంబం వచ్చి సుమారు 79 కోట్ల పౌండ్లకి క్లబ్బుని కొన్నది. అందులో చాలాభాగం అప్పు, ఆ అప్పు తీర్చే భారం క్లబ్బు నెత్తినే. పెళ్ళికొడుకు కట్నం చాలక పెళ్ళి ఖర్చుకి అప్పు చేసి, ఆ నోటు మావగారి పేరు మీద రాయించినట్టు. ఒళ్ళు మండిన కొందరు అభిమానులు ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని వేరు కుంపటే పెట్టుకున్నారు. మిగిలినవాళ్ళు 2010లో ఎర్ర కండువాలు తీసేసి, 1878లో న్యూటన్ హీత్‌గా పుట్టినప్పటి పచ్చ, పసుపు రంగులు మెడలో వేసుకున్నారు. 2021 మేలో ఏకంగా మైదానంలోకి చొరబడి మా లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా వేయించారు. యూరప్ సూపర్ లీగ్ అని పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి వేసిన ఎత్తుగడ మీద కోపం అది. ఆ పన్నెండులో లివర్‌పూల్ కూడా ఉందని బావమరిది నాకు గుర్తు చేస్తూ ఉంటాడు. నేను టాపిక్ మారుస్తూ ఉంటాను.

ఇంత ఘనమైన ఆస్తి ఇప్పుడు ఏమైంది? ఫెర్గూసన్ వెళ్ళిపోయిన మొదటి ఏడాదే ఏడో స్థానం. పండగ చేసుకున్నాం. 2023 మార్చిలో లివర్‌పూల్ చేతిలో ఏడు-సున్నా. ఆ రాత్రి దుకాణం ఆయన ఆర్సెనల్ మనిషై ఉండి కూడా నాకు థమ్సప్ ఇప్పించాడు, డబ్బులు తీసుకోలేదు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 2024 మేలో వాన పడితే ఓల్డ్ ట్రాఫర్డ్ కప్పు మీంచి జలపాతంలా నీళ్ళు కారాయి. కలల థియేటర్ అని పిలుచుకునే స్టేడియం అది. 2024-25లో పదిహేనో స్థానం. 2025 మేలో బిల్బావోలో యూరప్ రెండో అంచె కప్పు, యూరోపా లీగ్ ఫైనల్, అవతల టాటెనమ్, లీగులో పదిహేడో స్థానం జట్టు. దాని చేతిలోనూ ఓడారు. ఖర్చు తగ్గించాలని వందల మంది సిబ్బందిని తీసేసి, మిగిలినవాళ్ళకి ఉచిత భోజనం బదులు పళ్ళు పెడతామన్నారని వార్త. మధ్యాహ్న భోజనం మా గజపతి జిల్లా బడుల్లో నడుస్తోంది, ప్రపంచంలోని ధనిక క్లబ్బుల్లో ఒకదాంట్లో ఆగింది.

ఆ తర్వాత 2025 ఆగస్టులో గ్రిమ్స్‌బీ టౌన్ అనే నాలుగో అంచె జట్టు చేతిలో లీగ్ కప్పులో పెనాల్టీల్లో పన్నెండు-పదకొండు తేడాతో ఓడిపోయారు. మర్నాడు పొద్దున్న దుకాణం దగ్గరికి వెళ్ళాను, నాలుగు మాటలు అనుకుందామని. ఆర్సెనల్ ఆయన కొత్త సిమ్ యాక్టివేట్ చేస్తూ తలెత్తి, "పోన్లే, పాపం," అన్నాడు.

పాపం! ఆయన నోటి వెంట ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. పాతికేళ్ళు కడుపులో దాచుకున్న పగ రెండక్షరాల్లో ఊడ్చుకుపోయింది. చచ్చిన పాముని ఎంతసేపని కొడతాం? మరీ ఘోరం ఏమిటంటే, 2025లో లివర్‌పూల్ ఇరవయ్యో లీగ్ టైటిల్ గెలిచి యునైటెడ్ లెక్కతో సమానమైంది. ముప్పై ఏళ్ళు టైటిల్ లేక, 2011లో వాళ్ళు పంతొమ్మిదితో మమ్మల్ని దాటేసినప్పుడు మింగిన అవమానమంతా కక్కేద్దామని ఎదురుగా వెళ్తే, బావమరిది చెయ్యి చాపి, "కంగ్రాట్స్ బావా, మంచి టీమ్," అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. నేను ఇంటికి వచ్చి పడుకున్నాను.

ప్రత్యామ్నాయాలు వెతక్కపోలేదు. మాంచెస్టర్ సిటీని తిట్టుకుందామని ప్రయత్నించాం. 2023 ఫిబ్రవరిలో వాళ్ళ మీద ప్రీమియర్ లీగ్ వందకు పైగా ఆర్థిక ఆరోపణలు మోపింది, వాళ్ళు కాదంటున్నారు. మంచి సరుకే. కానీ దాని మీద పది నిమిషాలు పోట్లాడాలంటే పక్కన ఒక ఆడిటర్‌ని కూర్చోబెట్టుకోవాలి. పకోడీలు చల్లారిపోతాయి. పోనీ ఇంటి దగ్గర జట్టు ఉంది కదా, ఒడిశా ఎఫ్‌సీ. ఢిల్లీ డైనమోస్‌గా ఉండి 2019లో భువనేశ్వర్ వచ్చింది, 2023లో సూపర్ కప్ కూడా గెలిచింది. దాని మీద గిట్టనివాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. పెద్ద క్లబ్బు కావాలంటే ఇంకా ఎంత దూరం వెళ్ళాలో దాని యాజమాన్యం ఆలోచించుకోవాలి.

కాబట్టి మాంచెస్టర్ పెద్దలు వెంటనే ఒక ముసలి గడియారం, దాన్ని తట్టడం తెలిసిన మనిషిని వెతికి పెట్టాలి. తొంభై ఏడో నిమిషంలో, వీలైతే ఆఫ్‌సైడ్ అనుమానం ఉన్న గోల్ ఒకటి వారం వారం వేయించాలి. మా అక్క కొడుక్కి పదేళ్ళు. మొన్న నా పక్కన కూర్చుని, "మావయ్యా, వాళ్ళు ఎప్పుడూ ఓడిపోతూనే ఉంటారు కదా, మళ్ళీ తిడతారేంటి?" అని అడిగాడు. ఫెర్గీ టైమ్ అంటే ఏమిటో వాడికి గంటసేపు వివరించాను. వాడికి నా మాట అబద్ధంలా అనిపించింది. చివరికి పుట్టినరోజుకి యునైటెడ్ జెర్సీ కావాలన్నాడు. ఎందుకురా అంటే, బళ్ళో ఎవ్వరూ వేసుకోవట్లేదట, జాలేసిందట.

కొన్నాను. ఏం చేస్తాం, మేనమామని. రెండు సైజులు పెద్దది తీసుకున్నాను. వాళ్ళు మళ్ళీ లీగ్ గెలిచే నాటికి వాడికి సరిపోవాలి కదా.