సౌండ్ ఆగేదాకా టాపెట్ బిగించమనే మెసేజ్ నమ్మకండి

విజయవాడ ఆటోనగర్ నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా లారీ, ట్రాక్టర్ ఉన్నోళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. డీజిల్ ఇంజిన్ పైన టకటకమంటే టాపెట్ గ్యాప్ (వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకీ మధ్య సందు) పెరిగినట్టేనంట, ఇంజిన్ వేడిమీద ఉండగానే సౌండ్ ఆగేదాకా స్క్రూ బిగించాలంట, మైలేజ్ కూడా పెరుగుద్దంట, అయినా ఆగకపోతే చిక్కటి ఆయిల్ పొయ్యమంట.

టకటకమన్నంత మాత్రాన టాపెట్టే కానక్కర్లా, ఇంజెక్టర్ నాక్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ వల్ల వచ్చే సౌండ్ కూడా దాదాపు అట్టాగే వినపడుద్ది. పాతరకం పంపు ఇంజిన్ అయితే ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం లూజ్ చేసి చూడండి, సౌండ్ మారితే గొడవ ఇంజెక్టర్ దగ్గరో బేరింగ్ దగ్గరో ఉన్నట్టు, మారకపోతే అప్పుడు టాపెట్ కవర్ విప్పండి. కామన్ రైల్ బండికి (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే హైప్రెషర్ పైపు నుంచి డీజిల్ వచ్చే రకం) మాత్రం ఈ పని చెయ్యొద్దు బాబూ, వందల బార్ల ప్రెషర్, డీజిల్ చర్మంలోకి దూరిపోద్ది.

బిగించేయమనడం ఉంది చూశారూ, అసలు కొంప ముంచేది అదే. వేడికి వాల్వు సాగుద్ది కాబట్టే ఆ గ్యాప్ పెట్టారు. పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడి చాలావరకు సీటు (మూసుకున్నప్పుడు అది ఆనే అంచు) ద్వారానే వదులుద్ది, గ్యాప్ లేక సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే అంచు కాలిపోద్ది, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) పోద్ది, పొద్దున్నే స్టార్ట్ అవదు, ఇంకేం మైలేజ్? గ్యాప్ ఎక్కువైనా నష్టమే లెండి, వాల్వు లేటుగా తెరుచుకుని ముందే మూసుకుంటది, గాలి చాలక నల్లపొగ. కాకపోతే అది సౌండ్ చేసి చెప్తది.

వేడిమీదా, చల్లారాకా అన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చూడాల్సిందే. చాలావాటికి చల్లగా ఉన్నప్పటి కొలతే ఇస్తారు, ఎక్కువగా 0.20 నుంచి 0.50 మి.మీ. మధ్య.

మెసేజ్‌లో అస్సలు లేనిది, గ్యాప్ ఎందుకు పెరిగిందని. వాల్వు సీటు అరిగితే గ్యాప్ తగ్గుద్ది గానీ పెరగదు. పెరిగిందంటే వాల్వుని కదిలించే రాకర్ మూతి, బుష్, వంగిన పుష్‌రాడ్, క్యామ్ (తిరిగే షాఫ్ట్ మీద ఉబ్బు), దానిమీద ఆనే ఫాలోవర్ వీటిల్లో ఏదో పోయింది, లేదా స్క్రూని పట్టి ఉంచే లాక్‌నట్ సరిగ్గా పడక స్క్రూ తిరిగిపోయింది. రాకర్ మూతి గుంటపడితే ఇంకో తిరకాసు, గ్యాప్ కొలిచే పల్చటి రేకు ఫిల్లర్ గేజ్ ఆ గుంట మీద అడ్డంగా కూర్చుని గ్యాప్ కరెక్టే అని చూపిస్తది, సౌండ్ ఆగదు, మనం మేస్త్రిని తిట్టుకుంటాం. సెట్ చేసిన కొన్నాళ్ళకే అదే సిలిండర్‌లో మళ్ళీ పెరిగితే డయల్ గేజ్‌తో వాల్వు లిఫ్ట్ (అది ఎంత తెరుచుకుంటుందో) కొలిపించి పక్క సిలిండర్‌తో పోల్చండి, తక్కువొస్తే క్యామ్ మీదే ముందు అనుమానం.

చిక్కటి ఆయిల్ సౌండ్‌ని కొన్నాళ్ళు కప్పెట్టుద్ది, అంతే. పైగా చలికి స్టార్ట్ చేసినప్పుడు రాకర్ల దాకా ఎక్కడానికి ఇంకా టైమ్ పడుద్ది. దానికంటే కవర్ తీసి ఐడ్లింగ్‌లో ప్రతి రాకర్ మీదికీ ఆయిల్ వస్తుందో లేదో చూడండి, ఒకదాని మీద పొడిగా ఉంటే రాకర్ షాఫ్ట్ హోల్ మూసుకుపోయి ఉంటది.